ఎవరి బిడ్డ కోసం ఎవరి బిడ్డ?

అయ్యవారు: నా మాట ముందే చెప్పేస్తాను అమ్మాయీ. పుట్టి నెల నిండని కోతిపిల్లకు ఎయిడ్స్ టీకా వేసి, ఆ తరవాత దాని నోట్లో ప్రాణం తీసే వైరస్ చుక్కలు పోసి, వారం వారం రక్తం తీసి, ఆ వైరస్ ఎట్లా రూపు మార్చుకుంటోందో రాసుకోవడం తప్పు. ఎంత పెద్ద ప్రయోజనం కోసమైనా తప్పే. మన చంద్రచూడేశ్వరుడి కొండ మీద తల్లి పొట్టకు కరుచుకుని వేలాడే పిల్లను చూసినవాళ్లకు దీనికి రుజువు అక్కర్లేదు.

డాక్టరమ్మ: రుజువు లేకుండా ఏదీ ఒప్పుకోవద్దని తొమ్మిదో తరగతిలో నాకు నేర్పింది మీరే అయ్యవారూ. నా రుజువు కృష్ణగిరిలో ఉంది. బెంగళూరు దారి, చెన్నై దారి, సేలం దారి కలిసే ఊరు అది. హెచ్‌ఐవీ ఉన్న తల్లులను అక్కడ ఏళ్ల తరబడి చూశాను. మందేమీ లేకపోతే అలాంటి తల్లులకు పుట్టిన నూరు మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వైరస్ అంటుకుంటుంది. కొందరికి కడుపులోనే, కొందరికి కాన్పులో, కొందరికి చనుబాలలో. పాలివ్వొద్దు అని చెప్పడం సులభం. మన పల్లెల్లో బాలింత బిడ్డకు రొమ్ము పట్టకపోతే ఆ వీధికంతా రోగం చాటి చెప్పినట్టే. అత్త అడుగుతుంది, పక్కింటావిడ అడుగుతుంది. అందుకే పుట్టిన వెంటనే వేసే టీకా కావాలి. అది పసి ఒంట్లో ఎట్లా పనిచేస్తుందో పసి ఒంట్లోనే చూడాలి.

అయ్యవారు: తల్లికి రోజూ మాత్ర ఉంది కదా. గర్భిణిలో హెచ్‌ఐవీ తేలితే జీవితాంతం మందులివ్వాలన్న పద్ధతి 2014 నుంచి మన దేశంలో నడుస్తోంది. ఆ పద్ధతి సరిగా సాగితే బిడ్డకు సోకడం నూటికి ఐదు లోపుకు దిగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పైగా 2024లో ఆఫ్రికాలో హెచ్‌ఐవీ సోకకుండా వేసే లెనాకపవిర్ సూది ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకొకసారి వేసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ రాలేదు. చేతిలో ఇంత పెట్టుకుని కోతిపిల్లల దగ్గరికి ఎందుకు పోవాలి?

డాక్టరమ్మ: మూడో నెలలో పరీక్ష చేస్తాం, లేదని వస్తుంది. తల్లి నిశ్చింతగా ఇంటికి పోతుంది. కాన్పయిన నాలుగో నెలలో భర్త నుంచి ఆమెకు సోకుతుంది. కొత్తగా సోకిన మొదటి వారాల్లో వైరస్ ఒంట్లో పొంగిపొర్లుతుంది, పాలలోకీ దిగుతుంది. ఆమె చీటీలో మాత్రం ‘లేదు’ అనే ఉంటుంది. ఆ బిడ్డను ఏ మాత్ర కాపాడుతుంది? మాకు దొరకకుండా పోయే బిడ్డలు ఎక్కువగా ఈ దారినే పోతున్నారు. తల్లికి జబ్బుందని ఎవరికీ తెలియకపోయినా పనిచేసేది టీకా ఒక్కటే.

అయ్యవారు: ఇది బలమైన మాట. ఒప్పుకుంటాను. కానీ టీకా కావాలనడం ఒక మాట, దానికి కోతిపిల్ల కావాలనడం ఇంకో మాట. రెండోది నువ్వింకా చూపలేదు.

డాక్టరమ్మ: చూపుతాను. 1992లో అమెరికాలో డెస్రోసియర్స్ బృందం ఒక టీకా తయారుచేసింది. కోతుల ఎయిడ్స్ వైరస్ ఎస్‌ఐవీ నుంచి నెఫ్ అనే జన్యువును కత్తిరించి, అలా నీరసించిన వైరస్‌నే టీకాగా వేశారు. పెద్ద కోతులకు తరవాత అసలు వైరస్ ఎక్కించినా అవి నిలబడ్డాయి. అంతటి రక్షణ ఎయిడ్స్ టీకాల్లో అప్పటిదాకా ఎవరూ చూసి ఉండలేదు. మనుషులకూ ఇదే దారి అని చాలామంది నమ్మారు. 1995లో బోస్టన్‌లో రూత్ రుప్రెక్ట్ బృందం ఇంకా జాగ్రత్తగా, మూడు చోట్ల కత్తిరించిన వైరస్‌ను అప్పుడే పుట్టిన కోతిపిల్లలకు నోటి ద్వారా ఇచ్చింది. పెద్దవాటిని కాపాడినదే పిల్లల ఒంట్లో అదుపు తప్పి పెరిగింది. రోగంతో పోరాడే టి-కణాలు పడిపోయాయి, పిల్లలకు ఎయిడ్స్ వచ్చింది. 1999 నాటికి పెద్ద కోతుల్లోనూ అదే జరుగుతుందని తేలింది. బతికున్న వైరస్‌తో ఎయిడ్స్ టీకా అనే ఆలోచన అక్కడే ఆగింది. ఆ పిల్లల మీద చూడకపోయి ఉంటే తరవాత ఎవరి మీద తేలేదో చెప్పండి అయ్యవారూ.

అయ్యవారు: ఈ ఒక్క ఉదాహరణ దగ్గర నా గొంతు తగ్గుతుంది అమ్మాయీ. పెద్దల మీద పనిచేసినంత మాత్రాన పసివాళ్లకు పనికొస్తుందని అనుకోకూడదని ఆ పిల్లలు చెప్పాయి. కాదనను.

కానీ అదే కాలంలో మనుషుల్లోనూ ఒక సాక్ష్యం దొరికింది. ఆస్ట్రేలియాలో సిడ్నీలో ఒక రక్తదాత ఉన్నాడు, అతని రక్తం ఎక్కించుకున్న కొందరున్నారు. వాళ్లందరిలో ఉన్నది నెఫ్ లోపించిన హెచ్‌ఐవీయే. ఏళ్లపాటు జబ్బు పడలేదు. 1999 వచ్చేసరికి కొందరిలో రోగనిరోధక శక్తి జారడం మొదలైంది. నీరసించిన వైరస్ కూడా నమ్మదగింది కాదని మనుషులే చెప్పారు, ఏ కోతినీ కోయకుండానే.

డాక్టరమ్మ: చెప్పడానికి వాళ్లకు పదిహేనేళ్లు పట్టింది. టీకా లక్షల మందికి వేసేసి పదిహేనేళ్లు ఎదురుచూడలేం కదా. పైగా వాళ్లలో ఒక్క పసిబిడ్డ గురించీ ఆ లెక్క మనకు ఏమీ చెప్పదు.

అయ్యవారు: సరే. ఇప్పుడు వైరస్ రూపు మార్చుకోవడం గురించి చెప్పు. అది చూడటానికి కోతిపిల్లే ఎందుకు? బెంగళూరు జక్కూరులో జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడ ఉదయ్ కుమార్ రంగా బృందం మన దేశపు సి రకం హెచ్‌ఐవీని రోగుల రక్తంలోనే చదివింది. వైరస్‌ను పని మొదలుపెట్టించే మీట లాంటి భాగం ఈ రకంలో మామూలుగా మూడు ఉంటే, నాలుగున్న వైరస్‌లు కాలం గడిచేకొద్దీ పెరుగుతున్నాయని 2012లో రాశారు. వైరస్ పరిణామమంటే అదే కదా, మన కళ్ల ముందే, మన మనుషుల్లోనే.

డాక్టరమ్మ: అది ఊరంతటిలో వైరస్ ఎటు నడుస్తోందో చెబుతుంది. ఒక్క బిడ్డ ఒంట్లో, టీకా నేర్పిన కాపలా ముందు, అది ఏ రాత్రి ఏ తలుపు తీసిందో చెప్పదు. దగ్గరికి వెళ్లి చూద్దాం. ఈ వైరస్ జన్యువు సుమారు 9,700 అక్షరాల చీటీ. దాన్ని తిరగరాసేటప్పుడు వైరస్ తప్పులు చేస్తుంది, దాదాపు మూడు కాపీలకు ఒక తప్పు. దిద్దేవాళ్లు లేరు. రోజుకు వందల కోట్ల కాపీలు. అన్ని తప్పుల్లో ఏదో ఒకటి దానికి మేలు చేస్తుంది. 2002లో డాన్ బరూచ్ బృందం రాసిన ఒక కోతి కథ నేను మరిచిపోలేను. టీకా వేసిన కోతి, వైరస్‌ను అదుపులో పెట్టుకుని ఆరోగ్యంగా ఉంది. టి-కణాలు వైరస్‌లోని ఒక చిన్న ముక్కను గుర్తుపట్టి కాపలా కాస్తున్నాయి. ఆ ముక్కలో ఒక్క అక్షరం మారింది. ఒక్కటే. కాపలా గుర్తుపట్టలేదు. వైరస్ మళ్లీ పెరిగి కోతి చచ్చిపోయింది. ఏ రోజు ఏ వైరస్ ఎక్కించారో, ఏ రోజు ఆ అక్షరం మారిందో అన్నీ తెలుసు కాబట్టే అది దొరికింది. మనిషిలో మొదటి రోజే మనకు తెలియదు.

బిడ్డల్లో ఇంకో చిక్కు ఉంది. తల్లి ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్న వైరస్ ఆమె కాపలాను తప్పించుకోవడం అప్పటికే నేర్చుకుని ఉంటుంది. బిడ్డకు ఆ కాపలా వివరాల్లో సగం తల్లి నుంచే వస్తాయి. ఆ సగం తాళాలకు చెవులు దొంగ చేతిలో ముందే ఉన్నట్టు. ఫిలిప్ గౌల్డర్ వాళ్లు 2001లో దీన్ని తల్లీబిడ్డల్లోనే చూపించారు. ఇది మనుషుల్లో తెలిసింది, ఒప్పుకుంటాను. కానీ దీన్ని దాటే టీకా ఏదో మనుషుల్లో మొదట వేసి చూడలేం.

అయ్యవారు: ఇప్పుడు నా అసలు అభ్యంతరం విను. జాలి అని తీసిపారేయకు. లాబుల్లో కోతులకు ఎక్కించే ఎస్‌ఐవీ కోతుల సహజ రోగం కాదు. పశ్చిమ ఆఫ్రికాలో సూటీ మాంగబే అనే కోతి ఉంది. ఆ వైరస్ దానిది, దానితో ఉండి కూడా అది జబ్బు పడదు. దాని పిల్లలకు తల్లుల నుంచి సోకడమూ అరుదే, ఎందుకంటే వైరస్ ఎక్కి కూర్చునే కణాలు ఆ పిల్లల్లో చాలా తక్కువ. అమెరికా లాబుల్లో ఆ వైరస్ ఆసియా కోతుల్లోకి చేరింది, వాటికి ఎయిడ్స్ వచ్చింది. ఆ ఆసియా కోతి ఎవరిదో తెలుసా? మనది. 1950ల చివర్లో పోలియో టీకాల పనికి ఏటా లక్షకు పైగా రీసస్ కోతులను మన దేశం ఎగుమతి చేసింది. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978లో ఆపింది. వాటి మనవలూ మునిమనవలే ఇప్పటికీ అక్కడి బోనుల్లో ‘భారత సంతతి రీసస్’ అన్న పేరుతో ఉన్నాయి. చైనా రీసస్‌కన్నా వీటికి జబ్బు త్వరగా ముదురుతుంది కాబట్టి ప్రయోగాలకు వీటినే కోరుకుంటారు.

అంటే ఒక జాతి వైరస్, ఇంకో జాతి ఒళ్లు, మూడో జాతికి జవాబు. కుదిరిందా? 2007లో స్టెప్ అనే హెచ్‌ఐవీ టీకా ప్రయోగం ఆగిపోయింది. కోతుల్లో ఆశ పుట్టించిన పద్ధతే. మనుషుల్లో కాపాడలేదు సరికదా, టీకా వేసుకున్న కొందరు మగవాళ్లలో హెచ్‌ఐవీ ఇంకా ఎక్కువగా వచ్చింది. దక్షిణాఫ్రికాలో సి రకానికే మలిచిన టీకాను 2020 ఫిబ్రవరిలో పనిచేయడం లేదని ఆపేశారు. 2021లో ఇంకోటి, 2023లో ఇంకోటి. ఇన్ని కోతులు ఇచ్చిన మాట ఎక్కడ నిలబడింది?

డాక్టరమ్మ: నిలబడలేదు. ఇందులో మీతో వాదించను. కోతిలో కాపాడింది కాబట్టి మనిషిని కాపాడుతుంది అన్న లెక్క చాలాసార్లు తప్పింది. కానీ కోతిలో కీడు చేసింది మనిషికి వద్దు అన్న లెక్క ఇప్పటిదాకా ఎక్కువ నిలబడింది. నేను కోతిని మంచి కబురు కోసం అడగడం లేదు, చెడు కబురు ముందుగా చెప్పమని అడుగుతున్నాను.

2017లో వచ్చిన ఒక చెడు కబురు చెబుతాను. క్షయకూ హెచ్‌ఐవీకీ కలిపి పిల్లలకు ఒకే టీకా ఇవ్వాలని అమెరికాలో క్రిస్టినా డి పారిస్ బృందం ఏళ్లుగా పనిచేస్తోంది. నీరసించిన క్షయ సూక్ష్మజీవిలో ఎస్‌ఐవీ భాగాలు చేర్చి కోతిపిల్లలకు వేశారు. మన దగ్గర ప్రతి బిడ్డకూ పుట్టగానే బీసీజీ వేస్తాం కదా, దానికి దగ్గరి చుట్టం. యాంటీబాడీలు వచ్చాయి, టి-కణాలు వచ్చాయి. కాగితం మీద చూస్తే అన్నీ బాగున్నాయి. తరవాత నోటి ద్వారా వైరస్ కొంచెం కొంచెంగా ఇస్తూ పోతే, టీకా వేసిన పిల్లలకే తక్కువ సార్లలో సోకింది. కాపలా మేల్కొనడమంటే కణాలు పని మీద లేచి తిరగడమే, ఆ లేచి తిరిగే కణాలే ఈ వైరస్‌కు మేత. మీరు చెప్పిన మాంగబే పిల్లల సంగతీ ఇదే, తలకిందులుగా. మేత తక్కువైతే రోగం తక్కువ. ఇది కోతిపిల్లల్లో తెలిసింది కాబట్టి ఏ ఊళ్లోనూ ఏ తల్లీ ఆ టీకా కోసం బిడ్డను ఎత్తుకుని వరసలో నిలబడలేదు.

అయ్యవారు: నిజమే. అది నాకు తెలియదు.

డాక్టరమ్మ: తెలియకపోవడం మీ తప్పు కాదు. ఓడిపోయిన ప్రయోగాల గురించి ఎవరూ గట్టిగా చెప్పరు.

అయ్యవారు: గట్టిగా చెప్పకపోవడం కూడా నా ఫిర్యాదుల్లో ఒకటే. సరే, మనుషుల పిల్లలే చెప్పిన సంగతులు వేరే ఉన్నాయి. నోటి చుక్కల పోలియో టీకా మన పిల్లల్లో పడమటి దేశాల పిల్లల్లో పట్టినంత పట్టడం లేదని 1970లలోనే వేలూరు సీఎంసీలో టి. జాకబ్ జాన్ చూపించారు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సొలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తంలో మన దేశపు మొదటి హెచ్‌ఐవీ బయటపడింది కూడా అదే వేలూరు లాబ్‌లో. మనుషులను శ్రద్ధగా చూస్తేనే ఇన్ని తెలిశాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో కల్పనా లూథ్రా బృందం హెచ్‌ఐవీతో పుట్టిన మన పిల్లల రక్తంలో, రకరకాల వైరస్‌లను ఒకేసారి అడ్డుకోగల యాంటీబాడీలను వెతికి పట్టుకుంది. పెద్దవాళ్లకన్నా పిల్లల్లో అలాంటివి త్వరగా పుడతాయని ఆఫ్రికా బిడ్డల్లోనూ 2014లో తేలింది. పసివాడి రోగనిరోధక శక్తి తక్కువది కాదు, వేరేది. ఇది కోతిని అడిగి తెలుసుకున్నది కాదు.

డాక్టరమ్మ: ఆ యాంటీబాడీలతోనే నా ఆశ కూడా. 2016లో ఓరెగాన్‌లో నాన్సీ హైగ్‌వుడ్ బృందం నెల వయసు కోతిపిల్లలకు నోటి ద్వారా వైరస్ ఇచ్చి, ఒక రోజు ఆగి, అలాంటి యాంటీబాడీలు సూదిలో ఇచ్చింది. అప్పటికే వైరస్ ఒంట్లో చాలాచోట్ల దిగి ఉంది. రెండు వారాలకు పోయింది. ఆరు నెలలు చూశారు, తిరిగి రాలేదు. బిడ్డకు సోకిందో లేదో తెలిసేలోపు మన చేతిలో ఒక రోజు ఉందని దానితో తెలిసింది.

అయ్యవారు: అప్పటికే చాలాచోట్ల దిగి ఉందని ఎట్లా తెలిసింది?

డాక్టరమ్మ: కొన్ని పిల్లలను ఒకటి రెండు రోజులకే చంపి, పేగులూ లింఫు గ్రంథులూ తీసి చూశారు.

అయ్యవారు: పోయిందని ఎట్లా తెలిసింది?

డాక్టరమ్మ: మందిచ్చిన వాటిలో కొన్నింటిని రెండు వారాలకు చంపి చూశారు.

అయ్యవారు: నయమైన వాటిని.

డాక్టరమ్మ: అవును. నయమైందని ఇంకోలా తెలిసేది కాదు.

అయ్యవారు: అమ్మాయీ, నా బాధంతా ఇక్కడే ఉంది. కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రయోగాలకు చాలా పిల్లలను తల్లి దగ్గర పెరగనివ్వరు, నర్సరీలో సీసా పాలతో పెంచుతారు. కోతిపిల్లకు పాలకన్నా తల్లి ఒంటి స్పర్శే ముఖ్యమని ఇదే రీసస్ పిల్లల మీద 1950లలో విస్కాన్సిన్‌లో హార్లో చూపించాడు. తీగతో చేసిన తల్లి పాలిస్తున్నా, పిల్ల గుడ్డ చుట్టిన తల్లినే కరుచుకుంది. ఆ సంగతి తెలుసుకోవడానికే అన్ని పిల్లలను తల్లుల నుంచి విడదీశారు. తెలిశాక కూడా విడదీస్తూనే ఉన్నారు. మనకు దగ్గరివి కాబట్టి వాటి మీద చేసిన ప్రయోగం మనకు పనికొస్తుందంటావు. దగ్గరివి కాబట్టే చేయకూడదంటాను నేను. ఒకే మాట ఇద్దరం చెప్పి రెండు దారుల్లో పోతున్నాం.

డాక్టరమ్మ: దానికి నా దగ్గర జవాబు లేదు అయ్యవారూ. ఒకటి మాత్రం అడుగుతాను. బోట్స్వానాలో పుట్టగానే మందు మొదలుపెట్టిన 25 మంది పిల్లలకు కొన్నాళ్లు మాత్రలు ఆపి, రెండు రకాల యాంటీబాడీలు మాత్రమే ఇచ్చారు. 11 మందిలో 24 వారాలూ వైరస్ లేవలేదు. మిగతావాళ్లలో లేచింది, మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. అంతకుముందు కోతిపిల్లల మీద నడిచిన పని లేకుంటే ఆ 25 మంది తల్లులను సంతకం పెట్టమని అడిగే ధైర్యం ఏ డాక్టరుకు ఉండేది? నాకైతే ఉండేది కాదు.

అయ్యవారు: నాకూ ఉండేది కాదు. అందుకే అసలు వద్దని గట్టిగా అనలేకపోతున్నాను, సరే అని కూడా అనలేకపోతున్నాను. కానీ మూడు అడుగుతాను. రోగుల రక్తంలోనో, మనిషి కణజాలంలోనో దొరికే జవాబు కోసం ఒక్క పిల్లనూ ముట్టుకోకూడదు. గెలిచినా ఓడినా ప్రతి ప్రయోగం, ప్రతి పిల్ల లెక్క బయట పెట్టాలి, అదే తప్పు కోసం ఇంకో లాబ్‌లో ఇంకో పిల్ల చావకుండా. తల్లిని విడదీయాల్సిందేనా అన్న ప్రశ్నకు ప్రతిసారీ కొత్తగా జవాబు రాయాలి, పాత కాగితం చూపకూడదు.

డాక్టరమ్మ: మొదటి రెండూ ఈ క్షణమే ఒప్పుకుంటాను. మూడోది కష్టం. తల్లి దగ్గర పిల్లను ఉంచితే రక్తం తీయడమూ, మోతాదు కొలవడమూ చాలా కష్టమవుతుంది, పిల్లల సంఖ్య పెంచాల్సి వస్తుంది.

అయ్యవారు: అంటే పది పిల్లలను విడదీసి బాధపెట్టడమా, ఇరవై పిల్లలను తల్లి ఒడిలో ఉంచి చంపడమా.

డాక్టరమ్మ: అదే లెక్క. నాకు తేలలేదు.

అయ్యవారు: నాకూ తేలలేదు అమ్మాయీ. అయితే కోతుల దాకా పోకుండానే ఈ రోజే చేయగలిగిన పని ఏముంది, అది చెప్పు.

డాక్టరమ్మ: మూడో నెలలో ఒక పరీక్ష, కాన్పుకు ముందు ఇంకోటి, పాలిచ్చే కాలంలో మళ్లీ ఇంకోటి. ప్రభుత్వ కేంద్రాల్లో డబ్బు కట్టక్కర్లేదు. భర్త కూడా చేయించుకోవాలి, ముఖ్యంగా నెలల తరబడి రోడ్ల మీద తిరిగి వచ్చేవాళ్లు. తల్లికి ఉందని తేలితే బిడ్డకు పుట్టిన రోజు నుంచే మందు చుక్కలు ఇస్తాం. ఆరు వారాలకు మడమ మీద చిన్నగా గుచ్చి కొన్ని రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పరీక్షకు పంపిస్తాం. లేదని వచ్చినా అక్కడితో వదిలేయొద్దు. మళ్లీ ఆరు నెలలకు, ఏడాదికి తీసుకురావాలి. ఆఖరి జవాబు 18 నెలలు నిండాకే.